సరంగు పక్కన చోటు

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే కింద బండి మీంచి మరమరాల తాలింపు వాసన వచ్చింది. వెల్లుల్లి కాస్త మాడి, కరివేపాకు చిటపటలాడినప్పటి వాసన. చేతిలో ఫోన్ అప్పటికే ఆగకుండా మోగుతోంది. మేం చూసే సీరియల్లోకి మళ్లీ ఒక కొత్త అమ్మాయి వచ్చింది. అభిమానుల గ్రూపులో అందరూ ఆమె మీద విరుచుకుపడుతున్నారు. ఆ వాసనా ఈ తిట్లూ ఒకేసారి తగిలేసరికి మెట్ల మీదే ఆగిపోయాను. ఈ రెండూ కలిసి ఉండే ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి ఉండేది. మా భారతి మేడమ్ ఇల్లు. మేడమ్ పోయి ఏడాది దాటింది.

మేడమ్ రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. ఇంటర్‌లో నేను ఆవిడ విద్యార్థిని. డిగ్రీలో చేరాక కూడా ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ ఇంటికి వెళ్లడం మానలేదు. చదువు కోసం కాదు, ఆ సీరియల్ కోసం. మా అమ్మ పుట్టకముందు నుంచీ వస్తున్న ఇంగ్లీషు సీరియల్ అది. నక్షత్రాల మధ్య పడవ నడిపే ఒక ముసలాయన, ఆయన పక్కన ఎప్పుడూ ఒక తోడు. కొన్నేళ్లకు ఆ తోడు దిగిపోతుంది, ఇంకొకరు ఎక్కుతారు. ముసలాయన మాత్రం మారడు. ఆయన అసలు పేరు వేరే. మేడమ్ ఆయన్ని ‘సరంగు’ అనేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ అన్నారు కాబట్టి నాకూ ఆయన సరంగే.

మేడమ్ కుర్చీ పక్కన చిన్న పీట నాది. ఆవిడకు చూపు మందగించింది, ఫోన్లో అక్షరాలు ఆనేవి కావు. అందుకని గ్రూపులో వచ్చినవన్నీ చదివి వినిపించడం నా పని. ఇంట్లోనూ కాలేజీలోనూ నా గొంతు విన్నవాళ్లు తక్కువ. అక్కడ మాత్రం గంటసేపు చదివేదాన్ని. మధ్యలో మేడమ్ ఏదైనా అంటే తల ఊపేదాన్ని. “నీ మెడలో స్ప్రింగు పెట్టారా ఏమిటే మంజులా? ఒక్కసారైనా కాదనవే!” అని నవ్వేవారు. దానికీ తల ఊపేదాన్ని.

ఒక ఆదివారం సీరియల్లో పాత తోడు దిగిపోయింది. తర్వాతి వారం ఒక మెకానిక్ పిల్ల పడవెక్కింది. ఎక్కీ ఎక్కగానే సరంగుతో, “మీరు వెళ్తున్న దారి తప్పు” అంది. గ్రూపు భగ్గుమంది. “గిదేం పిల్లరా బై! వచ్చినరోజే పెద్దాయనకు నేర్పుతాంది” అని ఒకరు. “పాతామె కాలిగోటికి సరిపోదు” అని ఇంకొకరు. నేను చదువుతుంటే మేడమ్ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. “పాతామె వచ్చినప్పుడూ ఇవే మాటలన్నారే వీళ్లు!”

సరిగ్గా ఆ వారమే స్వప్న వచ్చింది. మేడమ్ వాళ్ల పై గదిలో కిరాయికి దిగిన అమ్మాయి. సొంతూరు తుర్కయంజాల్ అవతల. రక్త పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. మేడమ్ వేసిన మరమరాల తాలింపు వాసనకి కిందికి దిగి, తలుపు దగ్గర నిలబడి, “ఏం సినిమా మేడమ్?” అంది. మేడమ్ రమ్మన్నారు. నేరుగా నా దగ్గరికొచ్చి, “అక్కా, జర జరుగు” అని పీట మీద సగం చోటు తీసుకుంది. ఆ రాత్రి డైరీలో ఆమె పేరు రాయబుద్ధి కాలేదు. ‘ఆ అమ్మాయి’ అని రాశాను.

ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. తెలియదని దాచుకోవడమూ తెలియదు. “గాయిన ముసలోడు గదా, చావడా?” “గా పడవకు పెట్రోలు ఎట్ల?” మేడమ్ ప్రతిదానికీ సీరియల్ ఆపి, క్లాసులో బోర్డు ముందు నిలబడ్డంత ఉత్సాహంగా జవాబు చెప్పేవారు. నేను చడీచప్పుడు లేకుండా సంపాదించుకున్నదంతా ఆమె నోరు తెరిచి పట్టుకుపోతోంది. గ్రూపులో ఆ మెకానిక్ పిల్లను తిట్టిన ప్రతి మాటా స్వప్నను తిట్టినట్టే ఉండి నాకు హాయిగా ఉండేది. “అక్కా, మస్తు చదువుతున్నవ్ గదా, కోపంగ!” అని ఆమే మెచ్చుకునేది. దాంతో నాకు ఇంకా మండేది.

ఒకరోజు అడిగేసింది. “మేడమ్, సరంగంటే ఏంది?”

మేడమ్ సీరియల్ ఆపారు. “లాంచీ నడిపేవాడే అమ్మా. మా నాన్న సరంగు. గోదావరి మీద.” ఆగిన తెర మీది ముసలాయన వైపు చెయ్యి చూపించారు. “సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకునేవాడు గానీ చక్రం ముట్టనిచ్చేవాడు కాదు. ఏం చెప్పినా ఊఁ అనేదాన్ని. ఒకసారి నీళ్ల రంగు చూసి, ‘కాదు నాన్నా, ఇసుక మేట ఇటుంది, అటు తిప్పు’ అన్నాను. తిప్పాడు. ఇంటికొచ్చాక మా అమ్మతో, ‘ఇవాళ్టి నుంచి దీనికి లాంచీలో చోటుంది’ అన్నాడు. అంటే అందాకా నేను సామాను కిందే లెక్క!” అని నవ్వారు. “ఈ సీరియలూ అంతే. ఎక్కినంత మాత్రాన ఎవరూ తోడైపోరు. కాదన్నరోజునే అవుతారు. ఈ పిల్ల మొదటిరోజే అనేసింది, అందుకే జనానికి మంట.”

స్వప్న చప్పట్లు కొట్టింది. నేను మరమరాల పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లు పక్కన కూర్చున్నదాన్ని నేను. ఆ కథ నా ముందే చెప్పారు, కానీ చెప్పింది స్వప్నకి.

కొన్నాళ్లకు గ్రూపువాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద కలుద్దామన్నారు. కొత్త పిల్ల గురించి ఎవరి మాట వాళ్లు చీటీల మీద రాసిస్తారు, అవి చదివి వినిపిస్తే, అందరికన్నా పాత అభిమాని కాబట్టి మేడమ్ జవాబు చెప్పాలి. ఆ ముందు ఆదివారం మేడమ్ మామూలుగానే అన్నారు: “చీటీలు స్వప్న చదువుతుందిలే. దాని గొంతు చివరి వరుస దాకా పోతుంది. నువ్వు నా పక్కన కూర్చో.”

అలవాటుగా తల ఊపబోయాను. మెడ కదల్లేదు.

“కాదు మేడమ్,” అన్నాను. “నేను చదువుత. ఇన్నొద్దులు నేనే చదివిన. గామె ఎందుకు చదువుతది?”

మేడమ్ ముందు ఎప్పుడూ పుస్తకంలో మాటలే మాట్లాడేదాన్ని. మా నల్గొండ ఇంటి మాట అలా బయటపడేసరికి చెవులు వేడెక్కాయి. స్వప్న పకపకా నవ్వింది. “అబ్బా! అక్కకు కోపమొస్తే నల్గొండ బయటికొచ్చింది!” మేడమ్ మాత్రం నవ్వలేదు. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, “మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావే?” అన్నారు. పళ్లెం నా వైపు జరిపారు.

ఆ మాట నా నోట రప్పించాలని కావాలనే అలా అన్నారో, నిజంగా స్వప్నే చదవాలనుకున్నారో నాకు తెలియదు. స్వప్న అయితే అడిగేసేది. నేను అడగలేదు.

ఆ రోజు మేడ మీద హాల్లో చీటీల కట్ట నా చేతికే ఇచ్చారు. మొదటి చీటీలో, “గీ కొత్తపిల్ల సరంగు నెత్తినెక్కి కూసుంది, దించుండ్రి” అని ఉంది. చదివాను. వెనక వరుసలోంచి స్వప్న అరిచింది: “అక్కా, వినొస్తలేదు! జర గట్టిగ!” నలుగురూ తిరిగి చూశారు. ఆమె మీది కోపంతోనే రెండోసారి గట్టిగా చదివాను. హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత చీటీలన్నీ అదే గొంతుతో చదివాను. నాకు ఆ గొంతు ఉందని అంతవరకూ తెలియదు. ఇప్పుడు ఆఫీసులో నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే అదే వాడుతున్నాను.

అసూయ పోయిందని చెప్పను. గోదావరి మీద లాంచీ అనుకోగానే, ఆ కథ అడిగి చెప్పించుకున్నది నేను కాదన్న ముల్లు ఇవాళ్టికీ కలుక్కుమంటుంది. సీరియల్లో ఆ పడవ ఇప్పుడే ఎక్కుతున్నవాళ్లను చూసినా అంతే. వాళ్లకు అన్నీ ఇంకా ముందున్నాయి.

బండి దగ్గర మరమరాల పొట్లం కట్టించుకుంటుంటే ఫోన్ మోగింది. స్వప్న.

“అక్కా, చూసినవా? గీ కొత్తదాని మొఖం చూడబుద్ధయితలేదు నాకు. మన మెకానిక్ పిల్లనే మంచిగుండె. గీమెను ఎవరు రమ్మన్నరు?”

పొట్లం ఇంకా వేడిగా ఉంది.

“కాదు స్వప్నా,” అన్నాను. “జర జరుగు. ఆ పిల్లను కూసోనియ్యి.”