మూడో పేజీలో నా సంతకం

నా కోపం అర్థం కావాలంటే ముందు నా చదువు సంగతి చెప్పాలి. నేను చదివింది తత్వశాస్త్రం. అందులోనూ యంత్రాలకు సంబంధించిన తత్వశాస్త్రం. మనిషి తీసుకోవాల్సిన నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించాక, ఆ నిర్ణయం తప్పయితే జవాబు చెప్పాల్సింది ఎవరు అన్నది నా ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న మీద ఆరేళ్లు పరిశోధన చేశాను. మాది తెనాలి. చుట్టాలెవరైనా ఏం చదివావని అడిగితే ఫిలాసఫీ అని చెప్పి ఊరుకునేదాన్ని. "అంటే జాతకాలాండి?" అని అడిగినవాళ్లున్నారు.

మౌఖిక పరీక్షకి వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన నా సిద్ధాంత వ్యాసాన్ని రెండు వేళ్లతో పక్కకు జరిపి, "అమ్మా, మీ ఇంట్లో మిక్సీ పాడైతే మీరు బాగుచేసుకోగలరా?" అని అడిగాడు.

"లేదండి."

"మరి యంత్రాల గురించి ఇంత ఎలా రాశారమ్మా?"

గదిలో అందరూ నవ్వారు. మా గైడు నవ్వాడు. నేను కూడా నవ్వాను. వాళ్లు నవ్వినందుకు కోపం ఎప్పుడో చల్లారిపోయింది. నేను నవ్వినందుకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్లు ఫిలాసఫీ చెప్పాను. పిల్లలు చేరడం లేదని ఆ గ్రూపు ఎత్తేశారు. ఆ తర్వాత బాపట్ల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చోటు దొరికింది. అక్కడ నా సబ్జెక్టు లేదు. వృత్తి నీతి అని ఒక పేపరుంది. వారానికి రెండు పీరియడ్లు, రెండూ మధ్యాహ్నం భోజనాల తర్వాతే. పిల్లలు నిద్రపోవడానికి పెట్టిన పేపరని తోటి అధ్యాపకులు నా ఎదురుగానే అనేవాళ్లు. పొద్దున తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగేదాన్ని, సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చేదాన్ని. ఆ రైల్లో కూర్చునే వ్యాసాలు రాశాను. అవి ఎక్కడో దూరదేశాల పత్రికల్లో వచ్చేవి. యంత్రం వెనక దాక్కున్న మనిషిని వెతికి పట్టుకోవాలని వాటిలో గట్టిగా రాసేదాన్ని. చదివినవాళ్లు బాగుందని ఉత్తరాలు రాసేవాళ్లు. నా బతుకు నాకు బాగానే ఉందనిపించేది.

ఒక జూన్‌లో మా కాలేజీలో ప్రతి తరగతి గుమ్మం దగ్గరా ముఖం చూసి హాజరు వేసే కెమెరా పెట్టారు. పచ్చ దీపం వెలిగితే హాజరు, ఎర్ర దీపం వెలిగితే గైర్హాజరు. అధ్యాపకులు రిజిస్టరు పట్టుకుని పేర్లు పిలిచే పని పోయింది. పీరియడ్‌లో పది నిమిషాలు మిగిలాయని అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను.

మూడో సంవత్సరంలో ఒకమ్మాయి ఉండేది. రోజూ రేపల్లె నుంచి బస్సులో వచ్చేది. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. నా పీరియడ్‌లో నిద్రపోని కొద్దిమందిలో ఆమె ఒకతె. ఏదైనా చెబితే, "అది ఎవరు అన్నారండి, ఎందుకన్నారండి" అని అడిగేది.

సెప్టెంబరులో ఒకరోజు చున్నీ ముఖానికి సగం అడ్డంగా కట్టుకుని వచ్చింది. పీరియడ్ అయ్యాక ఏంటమ్మా అని అడిగితే చున్నీ తీసి చూపించింది. ముఖం కుడివైపు జారిపోయింది. ఆ కన్ను మూతపడటం లేదు, నీరు కారుతోంది. నరం వాచిందని, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందని డాక్టరు చెప్పాడట.

"ఇంటి దగ్గర ఉండొచ్చుగా తల్లీ?"

"ముఖానికే కదండి వచ్చింది, బుర్రకి రాలేదు కదా." మాట సరిగ్గా తేలడం లేదు, అయినా నవ్వబోయింది. ఆ నవ్వు ఒక పక్కే వచ్చింది.

ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. పాఠం చదవమని లేపినప్పుడు మాట రావడం లేదంటే కూర్చోమన్నాను. నోట్సు రాసుకుంటూ తల వంచుకుని ఉండేది. గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో నేను చూడలేదు. అది నా పని కాదని అప్పటికి నమ్మేశాను.

నవంబరులో పరీక్షలకు అనర్హుల జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. హాజరు నూటికి డెబ్బై ఐదు దాటనివాళ్ల పేర్లవి. ఆ అమ్మాయి పేరు ఉంది. ఆమె నా గదికి వచ్చింది. ముఖం చాలావరకు సర్దుకుంది, నవ్వితేనే తేడా తెలుస్తుంది. ఆ రోజు నవ్వలేదు.

"మేడమ్, ఆ నెలన్నరా నేను లేనని వేశారండి. రోజూ ఎర్రలైటే వచ్చేది. కెమెరాలు చూసుకునే ఆపరేటర్ గారికి చెబితే లోపలికెళ్లమ్మా, తర్వాత చూద్దాం అన్నారు. నేను రోజూ వచ్చానని మీకు తెలుసు కదండి?"

తెలుసన్నాను. ఇదెంతసేపు, ఇప్పుడే మాట్లాడతాను అన్నాను. నిజంగానే అరగంట పని అనుకున్నాను.

ఆ అమ్మాయి బ్రాంచి అధిపతి దగ్గరికి వెళ్లాను. ఆయన కంప్యూటర్ వైపు చూస్తూ, "సిస్టమ్ తీసుకోదండి" అన్నాడు.

"సిస్టమ్ తీసుకోకపోతే మీరు తీసుకోండి. ఆ పిల్ల మీ క్లాసులో కూడా కూర్చుంది కదా?"

"కూర్చుందండి. కానీ సిస్టమ్‌లో లేదు."

ఇరవై ఏళ్లుగా నేను కాగితం మీద కొట్లాడుతున్న వాక్యం అదే. మొదటిసారి ఒక మనిషి నోట్లోంచి నా ముఖం మీదికి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కూతురి పెళ్లికి నేను వెళ్లాను. అంత మంచి మనిషి అంత మాట తొణక్కుండా అనగలిగాడు.

ప్రిన్సిపాల్ ఆ కెమెరాలు పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లని అడగమన్నాడు. కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ కాలేజీవాళ్లు ఎలా పెట్టమంటే అలా పెట్టామండి" అంది. మళ్లీ ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చాను. ఆయన భోజనానికి వెళ్లాడు. మర్నాడు మీటింగ్‌లో ఉన్నాడు. ఆ తర్వాత రోజు ఊళ్లో లేడు. పరీక్షలకి వారం ఉంది.

చివరికి ఆపరేటర్ దగ్గరికి వెళ్లాను. నా వయసువాడే, నెమ్మదస్తుడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. తెర మీద ఒక పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాడు. అధ్యాపకులు సవరించవచ్చు అని ఒక గడి. అందులో టిక్కు లేదు.

"ఇక్కడ నొక్కితే మీ లాగిన్‌లోంచి మీరే దిద్దేయొచ్చు మేడమ్. ఒక్క నిమిషం పని."

"మరి నొక్కండి."

"నొక్కకూడదండి. మీ కమిటీ తీర్మానం ఉంది కదండి."

"ఏ కమిటీ?"

ఆయన కాస్త ఇబ్బందిగా చూసి, బీరువాలోంచి ఫైలు తీశాడు. నైతిక సలహా సంఘం. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి ఏడాది కిందట వేసిన సంఘమది. ఫిలాసఫీ మేడమ్ ఉంటే నిండుగా ఉంటుందని నన్నూ అందులో వేశారు. మూడు పేజీల తీర్మానం. మూడో పేజీలో, కెమెరా నమోదు చేసినదే అంతిమమని, పక్షపాతానికి తావివ్వకుండా అధ్యాపకుల సవరణలను అనుమతించరాదని ఉంది. దాని కింద ఐదు సంతకాలు. రెండోది నాది.

నాకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్ బల్ల దగ్గర నిలబడే పెట్టాను ఆ సంతకం. రైలుకి టైమైపోతోంది. రైల్లో పూర్తి చేయాల్సిన వ్యాసం ఒకటుంది. కాగితం తిప్పి చదవలేదు. ఆ వ్యాసం దేని గురించో చెప్పడానికి సిగ్గేస్తోంది. యంత్రాలను నమ్మి మనుషులు కళ్లు మూసుకుని చేసే సంతకాల గురించి.

ఆపరేటర్ మంచినీళ్లు ఇచ్చాడు. మూడు పేజీలూ అక్కడే కూర్చుని చదివాను. అప్పటిదాకా నా కోపానికి ఎదుటివాళ్లు దొరికారు. ఆ క్షణం నుంచి అది ఎటూ పోలేక నా మీదే తిరిగింది. ఆ రోజు రైల్లో నిడుబ్రోలు దాటేదాకా బ్యాగులోంచి పుస్తకం తియ్యలేదు. ఆ తర్వాత కూడా తియ్యలేదు.

మర్నాడు ఆదివారం. తెనాలిలో రేపల్లె బండెక్కాను. క్షమాపణ చెప్పాలి. అది తప్ప ఇంకేం ఆలోచన లేదు. భట్టిప్రోలు దాటాక ఏం మాట్లాడాలో మనసులో రెండుసార్లు వల్లించుకున్నాను. బస్టాండు వెనక సందులో వాళ్ల ఇల్లు. ముందు గదిలో వాళ్లమ్మ కుట్టు మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. లేచి నిలబడి, "రండమ్మా, కూర్చోండి" అని బట్టలు పక్కకు జరిపింది.

నేను సంతకం సంగతి దాచకుండా చెప్పాను. తప్పు నాదేనన్నాను. క్షమించమన్నాను. వాళ్లమ్మ కూతురి వైపు చూసింది.

ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నది. "సారీ నాకెందుకండి మేడమ్?" అంది. గొంతు పెంచలేదు. "మీరు బాధపడటానికి ఇంత దూరం వచ్చారు. నా పరీక్షలు బుధవారం నుంచి. ఏయే రోజు మీ క్లాసులో నేను ఉన్నానో రాసి సంతకం పెట్టండి. ఈసారి చదివి పెట్టండి."

"అట్టా మాట్లాడకూడదే" అని వాళ్లమ్మ మందలించబోయింది.

"మాట్లాడనివ్వండమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి నోట్సు పుస్తకాలన్నీ తెచ్చింది. ప్రతి పేజీ పైన తేదీ ఉంది, సబ్జెక్టు ఉంది. నా పాఠాలూ ఉన్నాయి. నేను విసుగ్గా చెప్పి వెళ్లిపోయినవి కూడా ఒక్క ముక్క పోకుండా రాసుకుంది. కుట్టు మిషను బల్ల మీదే కాగితం పెట్టుకుని తేదీలన్నీ నా చేత్తో రాశాను. ఒక్కో తేదీ ఆమె చదివింది, నేను రాశాను. మధ్యాహ్నం అయింది. అన్నం తిని వెళ్లమని వాళ్లమ్మ పట్టుబట్టింది. తిన్నాను.

సోమవారం ఆ పుస్తకాలు పట్టుకుని మిగతా అధ్యాపకుల దగ్గరికి వెళ్లాను. ఐదుగురిలో ఇద్దరు సంతకం పెట్టారు. ముగ్గురు, మా మీదికి వస్తుందండి అన్నారు. అందులో ఒకాయన, "మీకేం మేడమ్, మీ పేపరు ఉన్నా లేకపోయినా ఒకటే, మావి కోర్ సబ్జెక్టులు" అన్నాడు. ఉన్న సంతకాలతోనే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

ప్రిన్సిపాల్ ఆ కాగితాలు చూసి, "తీర్మానం మీద మీరే సంతకం పెట్టారు కదా మేడమ్" అన్నాడు.

"పెట్టానండి. చదవకుండా పెట్టాను. అదే రాసి తెచ్చాను, చివర్లో చూడండి. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

"అలా వెనక్కి తీసుకోవడానికి రూల్ లేదండి."

"ఆ గడిలో టిక్కు పెట్టండి చాలు. ఒక్క నిమిషం పని."

"ఒకరికి చేస్తే అందరూ వస్తారు."

"రానివ్వండి. క్లాసులో కూర్చున్నవాళ్లు వస్తే మీకు నష్టమేంటండి?"

ఆయన గంట కొట్టి టీ తెప్పించాడు. టీ నాకు అక్కర్లేదన్నాను. నిర్ణయం వచ్చేదాకా వరండాలో కూర్చుంటానని చెప్పి, కూర్చున్నాను. పాఠాలకు వెళ్లలేదు. నా పాఠాలు ఆగిపోయాయని ఎవరికీ తెలియలేదు కూడా. మంగళవారం కూడా కూర్చున్నాను. నా వ్యాసాలన్నిటికంటే ఆ బెంచీ మీద కూర్చున్న రెండు రోజులే పనికొచ్చాయేమో. అలా అనుకున్నప్పుడు తృప్తిగా లేదు, అసహ్యంగా ఉంది.

గురువారం టిక్కు పెట్టారు. శుక్రవారం హాల్ టికెట్ వచ్చింది. అప్పటికి రెండు పేపర్లు అయిపోయాయి. మిగిలినవన్నీ ఆమె రాసింది, మంచి మార్కులతో పాసైంది. ఆ రెండూ తర్వాతి టర్ములో జూనియర్ల పక్కన కూర్చుని రాసి పాసైంది. కానీ మధ్యలో కాలేజీకి ఉద్యోగాలివ్వడానికి వచ్చిన కంపెనీ, పెండింగ్ పేపర్లున్నవాళ్ల దరఖాస్తు తీసుకోలేదు. తీసుకోనిది మనిషి కాదు, ఆ వెబ్‌సైటే. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఆమె నాకు చేసింది. నేను పదిచోట్లకి చేశాను. ఏమీ కాలేదు. ఇప్పుడు చీరాలలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తోంది. ఆమెకు రావలసింది అది కాదు.

నన్ను ఆ సంఘంలోంచి తీసేశారు. మరుసటి ఏడాది తీర్మానం మార్చారు. ప్రిన్సిపాల్ అనుమతితో సవరించవచ్చన్నారు. నేనిప్పుడు ప్రతి పీరియడ్‌లో సొంత రిజిస్టరు పెట్టుకుని పేర్లు పిలుస్తున్నాను. ఎందుకు పిలుస్తున్నారో వివరణ ఇవ్వమని రెండు మెమోలు వచ్చాయి. రెండింటికీ జవాబిచ్చాను.

ఆ మధ్య ఒక విదేశీ పత్రిక సంపాదకురాలు ఈ సంగతి విని, దీన్ని ఉదాహరణగా తీసుకుని వ్యాసం రాయమంది. ఆ అమ్మాయిని అడిగాను.

"నన్ను ఉదాహరణ చెయ్యకండి మేడమ్" అంది. "మీరు చేసింది మీరు రాసుకుంటే రాసుకోండి. మన భాషలో రాయండి, మా అమ్మ చదువుతుంది."

ఆ పత్రికకి రాయనని చెప్పేశాను. ఇది వాళ్లమ్మ చదువుతుందని తెలిసే రాస్తున్నాను.