నీళ్ళ తొట్టిలో చుట్టం

ఆసుపత్రి కింది అంతస్తులో, పరీక్షకని రోగుల ఒంట్లోంచి తీసిన కండముక్కలు కోసే గది ఉంది. అక్కడి సీనియర్ టెక్నీషియన్ని అందరూ చాకు అంటారు. చెయ్యి చురుకు, నోరు అంతకంటే పదును. మైనపు దిమ్మలో ఇమిడ్చిన ముక్కని యంత్రం మీద ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేల్చి, ముడతలు పోయాక గాజు పలక మీదకి ఎక్కించడం ఆవిడ పని. ఆ పలక చూసి, అది మంచి గడ్డో చెడ్డ గడ్డో పక్క గదిలో డాక్టరమ్మ తేలుస్తుంది.

ఆ పనిలో తప్పకూడని నియమం ఒకటి ఉంది. ఒక మనిషి ముక్క కోయడం అయ్యాక నీళ్ళ మీద కాగితం పట్టీ ఈడ్చి తుడవాలి. లేకపోతే ఆ మనిషి తాలూకు పొర ఏదైనా తేలుతూ ఉండిపోయి, తర్వాతి మనిషి పలకకి అంటుకుంటుంది. అలా వచ్చిపడ్డ ముక్కని ఆ గదిలో చుట్టం అంటారు. కొత్తవాళ్ళ పలకలో చుట్టం కనబడిందంటే చాకుకి పండగే. "ఏమ్మా, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని అందరి ముందూ కడిగేసేది. ఒకమ్మాయి ఆ మాటలు పడలేక ఉద్యోగమే మానేసింది. దానికి చాకు ఇసుమంత కూడా బాధపడలేదు.

ఇంట్లోనూ అదే నోరు. ఆవిడ పెద్ద కోడలు. చిన్న కోడలు ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే నెమ్మదస్తురాలు. ఆ పిల్లకి తలనొప్పి వస్తే చాకు నాటకం అనేది, జ్వరం వస్తే వంట ఎగ్గొట్టే ఎత్తు అనేది. అత్తగారు వింటూ కూర్చునేది.

ఒకరోజు చిన్న కోడలు స్నానం చేసి వచ్చి, "అక్కా, రొమ్ములో ఏదో గట్టిగా తగుల్తోంది" అంది. చాకు చెయ్యి పెట్టి చూసింది. గోలీకాయంత ఉంది, వేలు ఆనిస్తే జారిపోతోంది.

"చెడ్డదైతే పాతుకుపోయి ఉంటుందే. ఇది ఆడుకుంటోంది. మామూలు గడ్డ. ఇల్లంతా గగ్గోలు చెయ్యకు" అంది.

అది మామూలు గడ్డే. అయినా చేత్తో చూసి చెప్పేస్తే సరిపోదు కాబట్టి సూదితో దారప్పోగంత ముక్క తీయించారు. ఆ ముక్క చాకు బల్ల మీదకే వచ్చింది.

ఆ పూట ఆవిడ కోస్తున్నది వేరే ఎవరిదో పెద్ద కేన్సరు గడ్డ. ఒక దిమ్మ తర్వాత ఒకటి కోస్తూనే ఉంది. తోడికోడలి దిమ్మ మాత్రం వరసలో ఎక్కడో వెనకుంది. సాయంత్రానికల్లా ఇంటికి వెళ్ళి, "చూశారా అత్తయ్యా, నేను చెప్పలే?" అనాలని ఆవిడ ఉబలాటం. ఆ దిమ్మని ముందుకి లాగి యంత్రానికి బిగించింది. తొందరలో ముక్క దాదాపు అరిగిపోయేదాకా కోసింది. తొట్టి మాత్రం తుడవలేదు.

మర్నాడు డాక్టరమ్మ పిలిచింది. కొత్తగా చేరిన ఇద్దరు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ముక్కంతా మామూలు గడ్డలాగే ఉంది. పక్కనే విడిగా కేన్సరు కణాల గుంపొకటి ఉంది, త్వరగా ఒళ్ళంతా పాకే పొగరు రకం. ఇది చుట్టం కాదు కదా? తొట్టి తుడిచావా?"

తుడవలేదని చాకుకి ఆ క్షణమే గుర్తొచ్చింది. గుమ్మంలో వాళ్ళిద్దరూ తననే చూస్తున్నారు.

"నా తొట్టిలో చుట్టమా మేడమ్? తుడిచాను."

"ఇంకో పొర కోసి ఇవ్వు."

"దిమ్మలో ఏం మిగల్లేదు."

ఇంకెవరైనా అయితే డాక్టరమ్మ మళ్ళీ సూదితో ముక్క తీయించేది. అన్నది చాకు, పైగా రోగి చాకు ఇంటి మనిషి. ఎవరైనా తన ఇంటి మనిషి విషయంలో అబద్ధం ఆడతారా అనుకుంది. చిన్న కోడలి రొమ్ము తీసేశారు.

తీసిన రొమ్ము డబ్బాలో, మందునీళ్ళలో మునిగి చాకు బల్ల దగ్గరికే చేరింది. డాక్టరమ్మ దాన్ని అంగుళం అంగుళం కోసి వెతికింది. చాకు ఆ దిమ్మలన్నీ కోసింది, ఈసారి ప్రతిదానికీ నీళ్ళు తుడిచింది. గోలీకాయంత మామూలు గడ్డ తప్ప ఏమీ దొరకలేదు.

"ఎంత వెతికినా లేదేంటి?" అని డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. చాకు తేలు కుట్టిన దొంగలా బల్ల తుడుస్తూ ఉండిపోయింది. "సూదితోనే అంతా వచ్చేసి ఉంటుంది. అప్పుడప్పుడూ అలా జరుగుతుంది" అని డాక్టరమ్మే తనకి తను సర్దిచెప్పుకుంది. పొగరు రకం కాబట్టి మందు ఎక్కించాల్సిందేనని కేన్సరు డాక్టరు అన్నాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఒట్టిమాట. ఇందులో పడింది చిన్న కోడలు.

మొదటిసారి మందు ఎక్కాక జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది. ఆ పిల్లకి ఏం తిన్నా వాంతే. ఎన్నడూ మంచినీళ్ళిచ్చి ఎరగని అత్తగారు పక్కన కూర్చుని ముద్దలు పెడుతోంది. రెండోసారి మందుకి ముందు రోజు చాకు ఆ గదిలోకి వెళ్ళింది.

"నీకు కేన్సరు లేదే. పలకలో పడింది వేరే ఆవిడది. ఆరోజు నేను తొట్టి తుడవలేదు. రేపు మందు ఎక్కించుకోకు."

చిన్న కోడలు మంచం మీద లేచి కూర్చుంది.

"తలనొప్పొస్తే నాటకమన్నావు. జ్వరమొస్తే ఎత్తన్నావు. ఇంత కోసేశాక ఇది కూడా లేదంటావా అక్కా? నాకు జబ్బు చేసినా ఓర్చలేవా?"

అత్తగారు పరుగున వచ్చింది. "పుండు మీద కారం చల్లడానికి నీకు నోరెలా వచ్చిందే? చచ్చి బతికిన పిల్లని కూడా వదలవా? ఫో అవతలికి!"

చాకు ధైర్యం చేసిందని మెచ్చుకోకండి. చెప్పాల్సింది డాక్టరమ్మకి. అక్కడ చెప్తే ఉద్యోగం పోతుంది, గుమ్మంలో నిలబడ్డ కుర్రకారు నవ్వుతారు. ఇంట్లో తన మాట ఎవరూ నమ్మరని లోపల్లోపల తెలిసే ఇంట్లో చెప్పిందని నాకు గట్టి అనుమానం. చెప్పానన్న తృప్తీ మిగిలింది, ఉద్యోగమూ మిగిలింది. ఇలాంటి మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు చిన్న కోడలి మొగుడికి సెలవు దొరకలేదు. ఆ పిల్ల గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "నువ్వే తోడు రా అక్కా. నిన్నటి మాటలు నేను మనసులో పెట్టుకోలేదులే" అంది. చాకు సంచీ అందుకుంది.

మందు ఎక్కించే గదికి డాక్టరమ్మ గది ముందునించే వెళ్ళాలి. తలుపు తీసే ఉంది. డాక్టరమ్మ తలెత్తి, "ఎలా ఉందమ్మా మీ తోడికోడలికి?" అని అడిగింది. చాకు ఆగింది. చిన్న కోడలు ఆయాసపడుతూ ఆవిడ భుజం మీద ఆనుకుంది.

"బాగానే ఉంది మేడమ్" అంది చాకు.

లోపల నర్సుకి నరం దొరకలేదు. రెండుచోట్ల పొడిచింది. పిల్ల చెయ్యి లాగేసుకుంటోంది.

"మీరు కాస్త కదలకుండా పట్టుకోండి" అంది నర్సు.

చాకు పట్టుకుంది. సూది దిగి, మందు చుక్క చుక్కగా లోపలికి వెళ్ళడం మొదలయ్యేదాకా ఆ చేతిని గట్టిగా పట్టుకునే ఉంది.