తాడు చివర

నా బ్యాగు జిప్పు పోయింది, పారేయమని మా ఆవిడ పోరు పెడుతోంది. పట్టీ బాగానే ఉంది కదా అంటాను నేను.

ఆ బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒకసారి విశాఖ కాంప్లెక్సులో అరకు బస్సెక్కాను. ఉలవల మూటతో ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చొక్కా గుర్రం వాసన వేస్తోంది. అరకు అవతల అడవిలో గుడారాలు వేసుకునే టూరిస్టులని గుర్రమెక్కించి తిప్పుతాడట. మల్కాపురంలో మేనకోడలి పెళ్లని, గుర్రాన్ని తోటివాడికి అప్పగించి వచ్చి, ఇప్పుడు తిరిగి వెళ్తున్నాడు.

“అది నిద్దరోయుండదు బావా,” అన్నాడు. “గుడారం పక్కన తాడు సివర నా సేతికి సుట్టుకుని పడుకుంటాను. అప్పుడే అదీ నేల మీద పడుకుంటాది. నాను లేపోతే తెల్లార్లూ నిలబడే ఉంటాది. ఏటి సేత్తాం, అలా అలవాటైపోనాది.”

ఆయన కళ్లే ఎర్రగా ఉన్నాయి. కాస్త కునుకు తీయమన్నాను. కళ్లు మూశాడు, తెరిచాడు, అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఇంతలో నా బ్యాగు పట్టీ చేతికి తగిలింది. కళ్లు తెరవకుండానే దాన్ని మణికట్టుకి చుట్టుకుని, వెంటనే గుర్రుపెట్టాడు.

నేను ఎస్.కోటలో దిగాలి. ఊరు రాగానే పట్టీని మెల్లగా లాగాను. ఆయన నిద్రలోనే నా బ్యాగుని నిమిరాడు.

“ఇక్కడే ఉన్నానే తల్లీ, పడుకో.”

“ఎస్.కోట దిగాలి, ఎస్.కోట!” అని కండక్టరు అరుస్తున్నాడు. అరవొద్దని సైగ చేసి, అనంతగిరికి ఇంకో టికెట్టు ఇమ్మన్నాను.