మూడు నొక్కితే ఒకటే వెళ్లింది

2023 నవంబరు, మిరప పూత మీద ఉన్న రోజులు. గుంటూరులో నల్లపాడు వైపున్న ఒక చిన్న ఆఫీసులో నేను వెబ్‌సైట్లు తయారుచేస్తుండేదాన్ని. మా పేజీలో రైతులు తమ చేలో కనిపించే లక్షణాలను నొక్కితే, అవి ఒక లింకులో చేరి వ్యవసాయ నిపుణుడికి వెళ్లేవి.

ఒకరోజు ప్రత్తిపాడు నుంచి కోటేశ్వరమ్మ గారు నేరుగా ఆఫీసుకే వచ్చేశారు.

"పూత రాలటం మామూలే, తడిపెట్టి వారం ఆగమన్నాడమ్మా మీ సారు. వారం ఆగితే చేను మిగులుద్దా? నేను ముడత, పురుగు కూడా నొక్కాను. చదువు రానిదాన్ని, ఎక్కడో తప్పు నొక్కుంటాను. నీకెందుకే ఫోను అని మా ఆయన ఒకటే గోల."

మా ఆఫీసులోనూ తప్పు ఆవిడదేనని తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి, నా ముందే మళ్లీ నొక్కమన్నాను. ఆకు పైముడత, నల్ల తామర పురుగు, పూత రాలడం. మూడూ సరిగ్గానే నొక్కారు. లింకులో మాత్రం చివరిదొక్కటే ఉంది.

మా పేజీ రాసిన జావాస్క్రిప్ట్ భాషలో ఒకరి వివరాలన్నీ ఆబ్జెక్ట్ అనే మూటలో ఉంటాయి. ఆ మూట విప్పి, లింకులో ప్రశ్నార్థకం తర్వాత పేరూ విలువల జతలుగా పేరుస్తాం. ఆ వరసే క్వెరీ స్ట్రింగ్. ఇక్కడ లక్షణాలు మూడైనా లింకులో వాటన్నిటికీ 'లక్షణం' అనే ఒకే పేరు. మా కోడులో వాడిన 'సెట్' అనే ఆదేశం అదే పేరుతో కొత్తది రాగానే పాతదాన్ని తీసేస్తుంది. 'అపెండ్' అయితే పక్కన చేరుస్తుంది. ఆ మాట మార్చి, నిపుణుడికి చూపే పేజీ కూడా అన్నీ చదివేలా సరిచేశాను. ఎంతమంది సగం జవాబుతో సరిపెట్టుకున్నారోనని ఇప్పటికీ బాధే. తప్పు నాదేనేమో అని ఎవరైనా వస్తే ముందు కోడు తెరవాలని అప్పుడే నేర్చుకున్నాను.

ఆవిడ మళ్లీ నొక్కి పంపాక, మూడు లక్షణాలూ చూసిన నిపుణుడు వెంటనే ఫోన్ చేసి, ఆగొద్దని, పొద్దున్నే చేనుకు వస్తానని చెప్పారు. అయినా కోటేశ్వరమ్మ గారు కుర్చీలోంచి లేవలేదు.

"అయితే నేను తప్పు నొక్కలా?"

"లేదండి. తప్పు మాదే."

ఆవిడ భర్తకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి నా ముందుంచారు.

"ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా. ఈయన వినాలి."

చెప్పాను, కాస్త గట్టిగానే.

"సరే," అన్నాడాయన. "ఆ ఫోను జాగ్రత్తగా తీసుకురా."