గుహలో పిలిచిన పేరు

నకిరేకల్ దగ్గర మా నేతగాళ్ళ వాడలో బాపు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. అవ్వకు ఆయన "పెద్దోడు". అమ్మకు "ఆయన". పెళ్ళాం నోట పేరు పడితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మావాళ్ళ భయం.

నేను అమ్మ కడుపులో ఉండగా, రజాకార్ల కాలంలో, బాపు అమ్రాబాద్ అడవిలోకి పోయి ఒక గుహలో దాక్కున్నాడు. నాకు తొమ్మిదేళ్ళు నిండినా తిరిగి రాలేదు. కర్మ చేసి అమ్మ బొట్టు తీసేయాలని కులపెద్దలు పట్టుబట్టారు. నా కొడుకు బతికే ఉన్నాడని అవ్వ కొట్లాడింది. నడుమ నలిగింది అమ్మ.

"ఆయన దాక్కున్న జాగ ఒక్కపారి సూసొస్త. అటెన్క మీ ఇష్టం" అన్నది.

అప్పటికే ఆ గుహను జనానికి చూపిస్తున్నారు. ఒక ముసలాయన కాగడా పట్టుకుని పదిమందిని వెంటేసుకుని నడిచాడు. ఇది నాగుపడగ, ఇది ఆవుపొదుగు అంటూ రాయి రాయికీ పేరు పెట్టాడు. నాకైతే అన్నీ రాళ్ళే. చల్లటి నీటిచుక్క మెడ మీద పడితే పైప్రాణాలు పైనే పోయాయి.

చివరి అరలో మసిబారిన మూల చూపించాడు.

"గీన్నే దాక్కున్నరు. వంట గిట్ల గీన్నే జేస్కున్నరు."

"ఎంతమంది బతికి బయటవడ్డరు?" అమ్మ అడిగింది.

"ఎవ్వలకెర్క బిడ్డా" అన్నాడు. తర్వాత అందరికీ వినపడేలా, "మీవోళ్ళ పేర్లు పిలువుండ్రి, గుహ మల్ల పలుకుతది" అన్నాడు.

తలా ఒక పేరు అరిచారు. గుహ ప్రతి పేరునూ తిరిగి పలికింది. అందరూ నవ్వారు. అమ్మ నా మీదికి వంగింది.

"మీ బాపును పిలువు బిడ్డా. పేరువెట్టి పిలువు."

బడిలో రాయించిన పేరు, నాకు తెలుసు. కానీ పిలిస్తే ఆ చీకట్లోంచి నిజంగానే ఎవరైనా పలుకుతారేమోనని వణికిపోయాను. అమ్మ మళ్ళీ అడిగింది. మొండిదాన్ని, ఆమె కొంగులో ముఖం దాచుకున్నాను.

అప్పుడు అమ్మే పిలిచింది. నిద్రపోతున్న మనిషిని లేపినట్టు, మెల్లగా. గుహ తిరిగి పలకలేదు.

"జర గట్టిగ పిలువమ్మా" అన్నాడు ముసలాయన.

"సాలు" అన్నది అమ్మ.

ఇంటికి రాగానే అవ్వ గడపలోనే ఆపింది.

"ఏమన్న తెలిసిందా? ఉన్నడా నా కొడుకు?"

"పేరువెట్టి పిలిచిన అత్తా."

అవ్వ నెత్తి బాదుకుంది. "అయ్యో! ఇన్నేండ్లు కాపాడుకొని, ఆఖరికి నువ్వే సంపితివి గదనే!"

 కులపెద్దలకు అమ్మే కబురు పంపింది. కర్మ మొదలుపెట్టిన పదకొండోనాడు ఆమె గాజులు పగలగొట్టి బొట్టు తుడిచారు. నేను చూస్తూనే ఉన్నాను. బిడ్డ పిలిస్తే తండ్రి ఆయుష్షు తరగదు. ఆ సంగతి తెలిసే అమ్మ ముందు నన్ను పిలవమన్నది. ఒక్కనాడూ నన్ను తప్పుపట్టలేదు, అదే నాకు పెద్ద శిక్ష.

నేటికీ ఏ ఆఫీసులోనైనా తండ్రి పేరు చెప్పమంటే నోరు పెగలదు. కాగితం అడిగి రాసి ఇస్తాను.