సుబ్బలక్ష్మిగారు నేల మీద గీసిన పటం

మా ఆఫీసులో టీమ్ వర్క్‌షాప్ అంటే ఎవరికీ లెక్కలేదు. మాదాపూర్‌లో ఏ కంపెనీలో చూసినా అదే తంతు. పాత పేపర్లు చుట్టి గోపురాలు కట్టడం, కళ్లకు గంతలు కట్టుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం, మధ్యాహ్నం బిర్యానీ తిని కునుకు తీయడం. ఇవన్నీ నడిపించే సుబ్బలక్ష్మిగారిని మేం వెనకాల చప్పట్ల టీచరమ్మ అనేవాళ్లం. ఎవరేం చెప్పినా చప్పట్లు కొట్టించేవారు మరి. ఆవిడది అమలాపురం. పెళ్లయి హైదరాబాదు వచ్చాక కొన్నాళ్లు బళ్లో పాఠాలు చెప్పి, తర్వాత ఈ ఉద్యోగంలో చేరారు. ఆవిడ ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు. క్యాంటీన్‌లో మా టీమ్ రెండు బల్లలుగా విడిపోయింది. ప్రోగ్రాములు రాసే వంశీది ప్రొద్దుటూరు. వాటిని పరీక్షించి తప్పులు పట్టే దినేష్‌ది సిద్దిపేట పక్క పల్లె, కిరాయికుండేది బోరబండలో. ఒకే డబ్బాలో తిన్నవాళ్లు కాస్తా, పక్కపక్కన కూర్చుని ఈమెయిళ్లు పంపుకుంటున్నారు. పని నత్తనడక నడుస్తోంది. మేనేజర్ పార్థసారథిగారికి విసుగొచ్చింది. ఈ వర్క్‌షాప్ తర్వాత కూడా ఇద్దరికీ పొసగకపోతే దినేష్‌ని టీమ్‌లోంచి తీసేస్తానని చెప్పేశారు. తీసేస్తే ఏ పనీ అప్పజెప్పకుండా బెంచీ మీద కూర్చోబెడతారు, బెంచీ మీంచి ఇంటికే. ఆ ఇంట్లో జీతం తెచ్చేది దినేష్ ఒక్కడే.

సుబ్బలక్ష్మిగారు అలవాటు కొద్దీ మొదలుపెట్టారు. రంగు టేపుతో నేల మీద రాష్ట్ర పటం గీసి, ఎవరి ఊరు ఎక్కడుంటే అక్కడ నిలబడమన్నారు. మామూలు రోజుల్లో ఊరి మామిడిపళ్లూ పచ్చళ్లూ తలుచుకుని నవ్వుకునే ఆట. ఆ ఏడాది ఆడించే ఆటేనా అది? వెళ్లి నిలబడి చూసుకుంటే గదిలో రెండు గుంపులు, మధ్యలో ఖాళీ. నేను వరంగల్ వైపు నిలబడ్డాను. మా టీమ్‌లోని రసజ్ఞ పుట్టింది హైదరాబాదులోనే, అమ్మానాన్నలది భీమవరం. ఎటు నిలబడాలో తెలియక పాపం గోడకు ఆనుకుంది.

సుబ్బలక్ష్మిగారి మొహం పాలిపోయింది. రాజకీయాలు మాట్లాడకూడదనే నియమం ఒకటి ప్రతి వర్క్‌షాప్‌లోనూ గోడకు అంటిస్తారు. ఆ కాయితం చించేశారు.

"తప్పు నాదేనండి. ఎవరూ కదలకండి, ఉన్నచోటి నుంచే మాట్లాడండి" అన్నారు. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి. చెప్పినవాడు ఔననేదాకా జవాబివ్వకూడదు. అదే కొత్త నియమం.

దినేష్ ముందు మాట్లాడాడు. "మా అన్న ఎనిమిదేండ్ల సంది సర్కారు నౌకరీకి పరీక్షలు రాస్తుండు. రాష్ట్రమొస్తె వస్తదని మా ఇంట్ల ఆశ. నేను రైల్‌రోకోకు పోత అంటె ఈయన నవ్విండు."

దినేష్ అన్నగారి పరీక్షల గురించి, ఇంటి ఆశ గురించి వంశీ తిరిగి చెప్పాడు. దినేష్ తల అడ్డంగా ఊపాడు. వంశీ రైల్‌రోకో కూడా కలిపి చెప్పాడు.

"ఇంకోటి ఇడిసిపెట్టినవ్" అన్నాడు దినేష్.

వంశీ చెవులు ఎర్రబడ్డాయి. సుబ్బలక్ష్మిగారు సాయానికి రాలేదు. చివరికి వంశీ, "నేను నవ్వినాను" అన్నాడు.

తర్వాత అతని వంతు. "నా బిడ్డ మణికొండలోనే పుట్టింది. దానిది మీ యాసే. మా వీధి గోడ మీద పొమ్మని రాసినారు. ఎవరు పోవాల నాయనా అని అడిగింది. నువ్వూ పొమ్మంటావేమోనని భయమేసింది. అది కనపడకూడదని నవ్వినా."

దినేష్ తిరిగి చెప్పబోయాడు. "మీ బిడ్డ అడిగింది. నేను గూడ పొమ్మంట అని నీకు..." అంటూ మధ్యలోనే ఆపేశాడు. "నిన్ను నేనెందుకు పొమ్మంట అన్న?"

నియమం ప్రకారం అది తప్పు. సుబ్బలక్ష్మిగారు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఇలాంటి ఒక్క మాట కోసమే ఆవిడ అంత ఓపిక పడతారని నాకప్పుడు తెలిసింది, ఆవిడంటే ఇష్టం పుట్టింది.

సాయంత్రం పార్థసారథిగారు వచ్చి, ఏం తేలిందని అడిగారు. ఆవిడ నోరు విప్పేలోగా దినేష్ లేచి, రేపు రైల్‌రోకోకు పోతున్నానని, సెలవు కావాలని అన్నాడు. రేపే క్లయింటుకు పని అప్పజెప్పాలి. పార్థసారథిగారి మొహం మాడిపోయింది. ఇక దినేష్ పని అయిపోయిందనుకున్నాను.

"అతని పని నేను చూసుకుంటా సార్" అన్నాడు వంశీ. "రాష్ట్రం విడిపోకూడదనే నా కోరిక. ఐనా అతను పోవాల."

పార్థసారథిగారు మళ్లీ బెంచీ మాట ఎత్తలేదు.