రైలుబస్సు రాని సోమవారం

నిన్న కోటిపల్లి స్టేషన్‌లో తుప్పు పట్టిన పట్టాల వాసన తగిలి ఆగిపోయాను. ఒక్క పెట్టె రైలుబస్సు గుర్తుందా మీకు? కొన్నేళ్ళే నడిచింది. అమ్మ వెన్నులో గడ్డ. రోడ్డు కుదుపులు ఓర్చుకోలేదని, ముక్తేశ్వరంలో పంటు ఎక్కి గోదారి దాటి, ప్రతి సోమవారం అందులోనే కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళం.

ఒక సోమవారం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. "ఇంక రాదండీ, ఆపేసేరు," అన్నాడు టీ కొట్టాయన.

"తెల్లోళ్ళ కాలంలో యుద్ధమప్పుడైతే ఈ పట్టాలే పీకేసేరని మా అమ్మ చెప్పేదండీ," అంది అమ్మ నీరసంగా.

నాన్నగారు ఆటో మాట్లాడారు. ద్రాక్షారామం దాటకముందే అమ్మ నొప్పికి కొంగు కొరుక్కుంటూ, "ఆపకండి, ముందుకే పోనివ్వండి," అంది. చూడలేక నేనే, "వెనక్కి తిప్పించండి నాన్నగారూ," అని ఏడ్చాను. తిప్పించారు.

అమ్మ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళలేదు. వానలు పడేలోపే పోయింది. నాన్నగారు ఇప్పటిదాకా నన్నొక్క మాట అనలేదు.